సామాజిక మాధ్యమాలు - వినియోగదారుల స్వరం: వ్యాపారాధికారంలో మార్పు - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

సామాజిక మాధ్యమాల రాకతో మార్కెట్‌లో అధికారం వ్యాపార సంస్థల నుంచి వినియోగదారుల చేతికి వచ్చిందన్న అభిప్రాయం నేడు బలంగా వినిపిస్తోంది. 2008-2025 మధ్య అమెరికాలోనూ, భారతదేశంలోనూ జరిగిన కొన్ని ప్రసిద్ధ ఘటనల ఆధారంగా ఈ అభిప్రాయం ఎంతవరకు చెల్లుతుందో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం. చారిత్రక, విశ్లేషణాత్మక పద్ధతిలో సాగిన ఈ పరిశీలన వారపు సంత, కంపెనీ సరుకు, వినియోగదారుల చట్టం, సామాజిక మాధ్యమం అనే నాలుగు దశలను వరుసగా పోలుస్తుంది. సామాజిక మాధ్యమాల వల్ల వినియోగదారులకు నిర్ణయాధికారం రాలేదు. ఫిర్యాదును నలుగురికీ తెలియకుండా మూసిపెట్టగల శక్తి సంస్థల చేతిలోంచి జారిపోయింది. ఆ స్వరం చట్టంగానో నియంత్రణసంస్థ ఉత్తర్వుగానో మారిన చోటనే మార్పు నిలిచిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వినియోగదారులు, సామాజిక మాధ్యమాలు, వారపు సంత, వినియోగదారుల రక్షణ చట్టం, అంతర్జాల తటస్థత, ఓఆర్‌ఎస్, నకిలీ సమీక్షలు, గిగ్ కార్మికులు.

1. ఉపోద్ఘాతం

కొనేవారికీ అమ్మేవారికీ మధ్య ఉండే సంబంధం కేవలం ధరకు సంబంధించినది కాదు. సరుకు గురించి ఎవరికి ఎంత తెలుసు, మోసం జరిగితే ఎవరితో చెప్పుకోవచ్చు, చెప్పుకుంటే వినేదెవరు అన్న ప్రశ్నలు కూడా ఆ సంబంధంలో ఉంటాయి. ఈ మూడు ప్రశ్నలకూ సమాధానాలు కాలానుగుణంగా మారుతూ వచ్చాయి. 2004లో ఫేస్‌బుక్, 2005లో యూట్యూబ్, 2006లో ట్విట్టర్ ప్రారంభమైన తరువాత ఈ మార్పు వేగం పుంజుకుంది. ఒక సామాన్యుడు సెల్‌ఫోన్‌లో తీసిన వీడియో ముందు పెద్ద కంపెనీ తలవంచిన ఉదంతాలు పత్రికలలో తరచుగా కనిపిస్తున్నాయి.

అయితే ఒక కంపెనీ క్షమాపణ చెప్పడమూ, ఆ కంపెనీ పద్ధతి మారడమూ ఒకటి కావు. మొదటిది ఆ పూటకు సంబంధించిన ఘటన. రెండవది అధికార సంబంధంలో వచ్చిన మార్పు. ప్రస్తుత చర్చలలో ఈ రెండింటినీ ఒకటిగా చూడడం వల్ల సామాజిక మాధ్యమాల శక్తిని అతిగానో, తక్కువగానో అంచనా వేయడం జరుగుతోంది. ఈ భేదాన్ని ప్రమాణంగా తీసుకొని కింది ఘటనలను పరిశీలించవచ్చు.

2. సంత నుంచి కంపెనీ సరుకు వరకు

తెలుగునేల మీద వారపు సంతలు ఈనాటికీ సజీవంగా ఉన్న వ్యవస్థ. సంతలో కొనేవారు సరుకును చేత్తో పట్టుకొని చూస్తారు, బేరమాడతారు, తూకంలో మొగ్గు అడుగుతారు, కొసరు వేయించుకుంటారు. వీటన్నిటికన్నా ముఖ్యమైన లక్షణం మరొకటి ఉంది. సంతలో కొనేవారు ఒకరికొకరు కనిపిస్తారు. ఒక వర్తకుడు తూకంలో మోసం చేస్తే ఆ మాట పక్కవారికి తెలియడానికి ఎక్కువసేపు పట్టదు. అతడు వచ్చే వారం మళ్ళీ అదే సంతకు రావాలి కాబట్టి నలుగురి నోళ్ళలో పడడానికి జంకుతాడు. వ్రాతపూర్వకమైన చట్టమేదీ లేకుండానే అక్కడ కొంత అదుపు పనిచేస్తుంది.

ఈ వ్యవస్థను ఆదర్శంగా చిత్రించడం సరికాదు. అప్పు ఇచ్చిన షావుకారు దగ్గరే సరుకు తీసుకోవలసిన రైతుకూలీకి నోరు మెదిపే అవకాశం ఉండేది కాదు. కులం, అప్పు, భూమి అనే మూడు కట్టుబాట్లు ఎవరి మాట చెల్లుతుందో ముందే నిర్ణయించేవి. కాబట్టి సంతలోని స్వరం కూడా అందరికీ సమానంగా దక్కినది కాదు.

కర్మాగారంలో తయారై, పొట్లంలో సీలు చేసి, ధర ముద్రించి వచ్చే సరుకు ఈ సంబంధాన్ని మౌలికంగా మార్చింది. తయారీదారు ఎక్కడో ఉంటాడు. కిరాణా కొట్టు యజమానికి కూడా పొట్లంలో ఏముందో తెలియదు. ఒకే సరుకును లక్షలమంది కొంటారు గాని, ఆ లక్షలమందీ ఒకరికొకరు తెలియరు. ఒకరి ఫిర్యాదు మరొకరికి చేరదు. కంపెనీకి మాత్రం అన్ని ఫిర్యాదులూ తెలుస్తాయి. ఈ అసమానతే ఆధునిక వ్యాపారాధికారానికి ప్రధానమైన ఆధారం అని చెప్పవచ్చు.

ఆర్థికవేత్త ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో వెలువరించిన గ్రంథంలో, ఒక సంస్థ నాణ్యత పడిపోయినప్పుడు దాని ఖాతాదారులకు రెండు మార్గాలుంటాయని వివరించాడు. ఒకటి నిష్క్రమణ, అంటే ఆ సరుకును మానేసి వేరొకటి కొనడం. రెండవది స్వరం, అంటే అక్కడే ఉండి గట్టిగా అడగడం. ఎవరు ఏ మార్గం ఎంచుకుంటారన్నది సంస్థ పట్ల వారికున్న విధేయతపై కూడా ఆధారపడి ఉంటుంది. నిష్క్రమణలో వినియోగదారులు ఎందుకు వెళ్ళిపోయారో సంస్థకు స్పష్టంగా తెలియదు. స్వరంలో కారణం తెలుస్తుంది గాని, ఒంటరి స్వరాన్ని పట్టించుకోవలసిన అవసరం సంస్థకు ఉండదు. సామాజిక మాధ్యమాల చరిత్రను ఈ ఒంటరి స్వరాలు ఒకదానికొకటి వినిపించడం మొదలైన చరిత్రగా అర్థం చేసుకోవచ్చు.

3. చట్టం ఇచ్చిన హక్కు - దాని పరిమితి

సామాజిక మాధ్యమాలకు ముందే వినియోగదారుల స్వరానికి చట్టబద్ధమైన రూపం ఇచ్చే ప్రయత్నాలు జరిగాయి. 1962 మార్చి 15న అమెరికా అధ్యక్షుడు జాన్ ఎఫ్. కెనడీ ఆ దేశ కాంగ్రెస్‌కు పంపిన సందేశంలో భద్రత, సమాచారం, ఎంపిక, తమ మాట వినిపించుకోవడం అనే నాలుగు హక్కులను ప్రస్తావించాడు. ఆ తేదీనే ప్రపంచ వినియోగదారుల హక్కుల దినంగా జరుపుకుంటున్నారు. భారతదేశంలో వినియోగదారుల రక్షణ చట్టం 1986 డిసెంబర్ 24న రాష్ట్రపతి ఆమోదం పొందింది. జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయిలలో ప్రత్యేక న్యాయవేదికలు ఏర్పడ్డాయి. దాని స్థానంలో వచ్చిన 2019 చట్టం 2020 జూలై 20న అమలులోకి వచ్చింది. ఫిర్యాదు చేసేవారు తాము నివసించే చోటనే కేసు వేయడానికి ఈ చట్టం అవకాశం కల్పించింది. తప్పుదారి పట్టించే ప్రకటనలపై స్వయంగా చర్య తీసుకోగల కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కూడా దీని ఫలితమే.

ఈ చట్టాల విలువ తక్కువది కాదు. అయినా వీటిలో ఒక పరిమితి ఉంది. 2019 చట్టం ప్రకారం సాధారణ ఫిర్యాదును 3 నెలలలో, ప్రయోగశాల పరీక్ష అవసరమైనదాన్ని 5 నెలలలో పరిష్కరించడానికి ప్రయత్నించాలి. ఆచరణలో వాయిదాల కారణంగా ఈ గడువు దాటిపోవడం సర్వసాధారణం. కొన్న వస్తువు విలువ వందలలో ఉన్నప్పుడు, దానికోసం పని మానుకొని వాయిదాలకు తిరగడం కూలిపనివారికో చిరుద్యోగికో సాధ్యం కాదు. పైగా న్యాయవేదికలో విజయం సాధించినా ఆ సంగతి అదే సరుకు కొంటున్న ఇతరులకు సులభంగా చేరదు. కెనడీ చెప్పిన నాలుగవ హక్కు, అంటే తమ మాట వినిపించుకునే హక్కు, అధికారుల ముందు దక్కింది గాని తోటి వినియోగదారుల ముందు దక్కలేదు. సామాజిక మాధ్యమాలు పూరించినది ఈ ఖాళీనే.

4. ఒకే సంస్థ - రెండు ఘటనలు

యునైటెడ్ ఎయిర్‌లైన్స్ సంస్థకు సంబంధించిన రెండు ఘటనలను పక్కపక్కన పెట్టి చూస్తే సామాజిక మాధ్యమాల శక్తి, దాని హద్దు రెండూ స్పష్టమవుతాయి.

2008 మార్చి 31న కెనడా గాయకుడు డేవ్ కరోల్ తన బృందంతో హాలిఫాక్స్ నుంచి షికాగో మీదుగా ఒమాహాకు ప్రయాణించాడు. షికాగో ఓహేర్ విమానాశ్రయంలో సిబ్బంది గిటార్లను విసిరివేయడం ఒక ప్రయాణికురాలి కంటపడింది. గమ్యం చేరాక కరోల్ తన టేలర్ గిటారు విరిగిందని గుర్తించాడు. మరమ్మతుకు సుమారు 1,200 డాలర్లు ఖర్చయింది. 24 గంటల్లోగా ఫిర్యాదు చేయలేదన్న కారణంతో సంస్థ పరిహారాన్ని నిరాకరించింది. దాదాపు 9 నెలల ఉత్తరప్రత్యుత్తరాల తరువాత కరోల్ ఈ ఉదంతంపై పాట కట్టి, 2009 జూలై 6న యూట్యూబ్‌లో ఉంచాడు. ఒక్కరోజులోనే సుమారు లక్షన్నర మంది దాన్ని చూశారు. ఆగస్టు మధ్యనాటికి ఆ సంఖ్య 50 లక్షలకు చేరింది. అన్ని నెలలు స్పందించని సంస్థ వెంటనే ఆయనను సంప్రదించింది. ఒక సంగీత విద్యాసంస్థకు 3,000 డాలర్ల విరాళం కూడా ప్రకటించింది.

ఈ పాట వల్లనే ఆ సంస్థ షేర్ల విలువ కోట్ల డాలర్లు పడిపోయిందన్న ప్రచారం ఆనాటి నుంచి సాగుతోంది. 2009 ఆర్థికమాంద్యంలో విమానయాన షేర్లన్నీ తీవ్రమైన ఒడిదుడుకులలో ఉన్నాయి. ఆ కదలికను ఒక పాటకు ముడిపెట్టడం సహేతుకం కాదు. ఈ ఘటనలో నిరూపితమైనది వేరొకటి. ఫిర్యాదు ఎప్పుడు ముగిసిందో నిర్ణయించే అధికారం అంతవరకు సంస్థదే. పాట వచ్చాక ఆ అధికారం సంస్థ దగ్గర లేకుండాపోయింది. అయితే ప్రయాణికులందరికీ వర్తించే కొత్త హక్కు ఏదీ దీనివల్ల పుట్టలేదు.

రెండవ ఘటన 2017 ఏప్రిల్ 9న అదే ఓహేర్ విమానాశ్రయంలో జరిగింది. లూయీవిల్ వెళ్ళవలసిన విమానంలో నలుగురు సిబ్బందికి చోటు కల్పించడానికి, అప్పటికే సీట్లలో కూర్చున్న ప్రయాణికులలో నలుగురిని దిగిపొమ్మన్నారు. ఒక వైద్యుడు నిరాకరించగా భద్రతాధికారులు ఆయనను నెత్తురు కారుతుండగా ఈడ్చుకుపోయారు. తోటి ప్రయాణికులు తీసిన వీడియోలు గంటల వ్యవధిలో ప్రపంచమంతా చేరాయి. సంస్థ అధిపతి మొదటి ప్రకటన ఈ చర్యను సమర్థించే ధోరణిలో ఉండగా, రెండు రోజులలోనే పూర్తి క్షమాపణ చెప్పవలసి వచ్చింది. అదే నెల 27న సంస్థ 10 విధానపరమైన మార్పులను ప్రకటించింది. స్వచ్ఛందంగా సీటు వదులుకునేవారికి 10,000 డాలర్ల వరకు ఇవ్వడం, భద్రతా కారణాలు లేకుండా ప్రయాణికులను దించడానికి పోలీసు సహాయం కోరకపోవడం వాటిలో ఉన్నాయి. 2018 అక్టోబర్‌లో అమెరికా చేసిన విమానయాన చట్టం, టిక్కెట్టు చూపి విమానం ఎక్కిన ప్రయాణికుణ్ణి సీటు కొరత కారణంగా బలవంతంగా దించరాదని నిబంధన విధించింది.

మొదటి ఘటనలో స్వరం ఒక సానుభూతి చర్యతో ఆగిపోయింది. రెండవ ఘటనలో అది చట్టసభ దాకా వెళ్ళి, ఆ వీడియో చూడని ప్రయాణికులకు కూడా వర్తించే నియమంగా మారింది.

5. భారతీయ అనుభవం

5.1 అంతర్జాల తటస్థత (2015-2016)

2015 మార్చి 27న భారత టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ (ట్రాయ్) 118 పేజీల చర్చాపత్రాన్ని వెలువరించి 20 ప్రశ్నలపై ప్రజాభిప్రాయం కోరింది. అంతర్జాలంలో కొన్ని సేవలకు ఒక ధర, మరికొన్నింటికి వేరొక ధర ఉండవచ్చునా అన్నది అందులోని కీలకాంశం. సామాన్యులకు అర్థంకాని సాంకేతిక పరిభాషలో ఉన్న ఈ పత్రాన్ని స్వచ్ఛంద కార్యకర్తలు తేలిక మాటల్లోకి మార్చారు. ప్రశ్నలవారీగా నమూనా సమాధానాలు సిద్ధం చేశారు. హాస్యబృందం ఏఐబీ ఏప్రిల్ 11న విడుదల చేసిన వీడియోతో విషయం యువతకు చేరింది. 10 లక్షలకు పైగా ఈమెయిళ్ళు ట్రాయ్‌కు వెళ్ళాయి. ఎయిర్‌టెల్ జీరో పథకంలో చేరబోయిన ఫ్లిప్‌కార్ట్, వినియోగదారుల నిరసనతో ఏప్రిల్ 14న వెనక్కి తగ్గింది.

ఇదే కాలంలో ఫేస్‌బుక్ సంస్థ రిలయన్స్ కమ్యూనికేషన్స్‌తో కలిసి ఎంపిక చేసిన కొన్ని వెబ్‌సైట్లను ఉచితంగా అందించే పథకాన్ని నడిపింది. 2015 ఫిబ్రవరిలో ఆ పథకం మొదలైన ప్రాంతాలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా ఉన్నాయి. తరువాత ఫ్రీ బేసిక్స్ అని పేరు మారిన ఈ పథకంపై ట్రాయ్ పరిశీలన మొదలుకాగానే, ఫేస్‌బుక్ తన వినియోగదారుల చేతనే లక్షల సంఖ్యలో అనుకూల సందేశాలు పంపించింది. అడిగిన ప్రశ్నలకు సమాధానం లేని ఆ ఒకే మూస సందేశాల పట్ల ట్రాయ్ తీవ్ర అసంతృప్తి వ్యక్తం చేసింది. 2016 ఫిబ్రవరి 8న జారీ అయిన నిబంధనలు వివక్షాపూరిత డేటా ధరలను నిషేధించాయి. ఉల్లంఘనకు రోజుకు 50,000 రూపాయల చొప్పున, 50 లక్షల వరకు జరిమానా నిర్ణయించాయి.

ఇరుపక్షాలూ ముందే సిద్ధం చేసిన సందేశాలనే వాడాయన్నది గమనించవలసిన విషయం. వాటి మధ్య తేడా సంఖ్యలో కనిపించదు. ఒక పక్షం నియంత్రణసంస్థ ప్రశ్నలకు కారణాలతో సమాధానమిచ్చింది. రెండవ పక్షం మద్దతుదారుల తలలను లెక్కించి చూపింది. ట్రాయ్ నిర్ణయం మొదటిదానికే విలువ ఉందని తేల్చింది.

5.2 పొట్లం మీది అక్షరాలు: బోర్న్‌విటా

2023 ఏప్రిల్‌లో రేవంత్ హిమత్‌సింకా అనే ఆహార విషయాల వ్యాఖ్యాత బోర్న్‌విటాలోని చక్కెర గురించి ఒక వీడియో విడుదల చేశాడు. ఉత్పత్తిదారు అయిన మాండలీజ్ సంస్థ పంపిన లీగల్ నోటీసుతో ఆయన వీడియోను తొలగించి క్షమాపణ చెప్పాడు. అప్పటికే ఆ వీడియో విస్తారంగా పంపిణీ అయిపోయింది. ఆ నెలలోనే జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ సంస్థకు నోటీసు ఇచ్చింది. ఏడాది చివరికి ఆ ఉత్పత్తిలో అదనపు చక్కెర సుమారు 14 శాతం తగ్గింది. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య మంత్రిత్వశాఖ ఇటువంటి పానీయాలను 'హెల్త్ డ్రింక్' వర్గం నుంచి తొలగించాలని ఇ-కామర్స్ సంస్థలకు సూచించింది. 2006 ఆహార భద్రత చట్టంలో అటువంటి వర్గానికి నిర్వచనమే లేదన్నది ఈ సూచనకు ఆధారం.

ఈ ఘటనలో గెలిచింది ఎవరన్న ప్రశ్నకు సులభమైన సమాధానం లేదు. మాట్లాడిన వ్యక్తి వెనక్కి తగ్గవలసి వచ్చింది; ఆయన మాట మాత్రం ముందుకు సాగింది. వ్యక్తిని భయపెట్టే శక్తి సంస్థకు నేటికీ ఉంది. పోయినది ఆ భయంతో విషయాన్ని కూడా ఆపగల శక్తి.

5.3 హైదరాబాద్ నుంచి ఒక పోరాటం: ఓఆర్‌ఎస్

విరేచనాలతో నీరసించిన పిల్లలకు ఇచ్చే ఓఆర్‌ఎస్ ద్రావణానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్దిష్టమైన కొలతలు నిర్ణయించింది. లీటరు నీటిలో 13.5 గ్రాముల గ్లూకోజ్, 2.6 గ్రాముల సోడియం క్లోరైడ్, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల ట్రైసోడియం సిట్రేట్ ఉండాలి. చక్కెర అంతకంటే బాగా ఎక్కువైతే పేగులు నీటిని పీల్చుకోవడానికి బదులు పేగులలోకే నీరు చేరి విరేచనాలు ఎక్కువవుతాయి. అయినా చక్కెర అనేక రెట్లు ఎక్కువగా ఉన్న పళ్ళరసాల వంటి పానీయాలు పేరులో ఓఆర్‌ఎస్ అన్న అక్షరాలతో మందుల దుకాణాలలో అమ్ముడుపోయాయి.

హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు డా. శివరంజని సంతోష్ ఈ విషయంపై సుమారు 8 సంవత్సరాలు పోరాడారు. ఒకవైపు సామాజిక మాధ్యమాలలో వీడియోల ద్వారా తల్లిదండ్రులను హెచ్చరించారు; మరొకవైపు అధికారులకు లేఖలు రాశారు; తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. 2022 ఏప్రిల్‌లో భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ ఈ పేరు వాడకాన్ని నిషేధించింది. అయితే అదే ఏడాది జూలైలో, ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన ఓఆర్‌ఎస్ కాదన్న వివరణ ముద్రిస్తే సరిపోతుందని సడలింపు ఇచ్చింది. 2025 అక్టోబర్ 14న ఆ సడలింపును ఉపసంహరించి, పేరుకు ముందో వెనుకో మరో పదం చేర్చినా ఓఆర్‌ఎస్ అన్న మాట వాడరాదని స్పష్టం చేసింది. సంస్థలు న్యాయస్థానాలను ఆశ్రయించాయి. అక్టోబర్ 31న ఢిల్లీ హైకోర్టు డాక్టర్ రెడ్డీస్ సంస్థ పిటిషన్‌ను తోసిపుచ్చింది.

ఈ ఉదంతంలో భాషకు సంబంధించిన కోణం ప్రత్యేకంగా పరిశీలించదగినది. మన దేశంలో ఆహార పదార్థాల లేబుల్ మీద తప్పనిసరి వివరాలు ఇంగ్లీషులోనో, దేవనాగరి లిపిలోని హిందీలోనో ఉంటే చట్టరీత్యా సరిపోతుంది. ఇతర భారతీయ భాషల వాడకం ఐచ్ఛికం. ఓఆర్‌ఎస్ అన్న మూడక్షరాలు ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీల ద్వారా చదువురాని తల్లులకు కూడా పరిచితమైనవి. ఇది ఓఆర్‌ఎస్ కాదన్న వివరణ మాత్రం తెలుగు మాత్రమే చదవగల తల్లికి చేరదు. అంటే 2022 నాటి సడలింపు ప్రకారం నమ్మకం కలిగించే మాట అందరికీ అర్థమవుతుంది. హెచ్చరించే మాట కొందరికే అర్థమవుతుంది. చదవలేని లేబుల్ గురించి విని తెలుసుకునే అవకాశాన్ని వీడియో మాధ్యమం కల్పించింది. 2016 తరువాత మొబైల్ డేటా చౌక కావడం ఈ అవకాశాన్ని విస్తృతం చేసింది. ఇంగ్లీషులో ఫిర్యాదు లేఖ రాయలేనివారు కూడా తమ భాషలో మాట్లాడి వినిపించగలగడం సామాజిక మాధ్యమాల వల్ల కలిగిన నిజమైన మార్పులలో ఒకటి. అయితే మందుల దుకాణం అలమరలోంచి ఆ డబ్బాను తొలగించగలిగినది ఉత్తర్వు మాత్రమే.

6. ప్రతిశక్తులు

వినియోగదారుల స్వరానికి బలం వచ్చిన కొద్దీ, ఆ స్వరాన్ని అనుకరించడానికీ, కొనడానికీ, దారి మళ్ళించడానికీ ప్రయత్నాలు పెరిగాయి.

6.1 కొనుగోలు చేసిన స్వరం

2017లో లండన్‌లో ఒక పాత్రికేయుడు తన పెరటి షెడ్డును భోజనశాలగా నమోదు చేసి, పరిచయస్థుల చేత సమీక్షలు రాయించాడు. ఒక్క వంటకం కూడా వడ్డించకుండానే అది ట్రిప్‌అడ్వైజర్‌లో ఆ నగరపు భోజనశాలలలో మొదటి స్థానానికి చేరింది. సమీక్షల మీద నమ్మకం ఎంత సులభంగా దుర్వినియోగం కాగలదో ఈ ప్రయోగం చూపింది. భారతీయ ప్రమాణాల సంస్థ 2022 నవంబర్‌లో ఆన్‌లైన్ సమీక్షల సేకరణ, ప్రచురణలకు ఐఎస్ 19000 ప్రమాణాన్ని తెచ్చింది. అయితే దీన్ని పాటించడం ఐచ్ఛికం. డబ్బు తీసుకొని సరుకును పొగిడే ఇన్‌ఫ్లుయెన్సర్లు ఆ సంగతి వెల్లడించాలని భారత ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో, కేంద్ర ప్రభుత్వం 2023 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చాయి. తోటి వినియోగదారుడు అనుకున్న వ్యక్తి వర్తకుడి మనిషి కావడం సంతలోనూ ఉన్న మోసమే. సంతలో ఆ మనిషిని గుర్తుపట్టేవారు ఎవరో ఒకరు ఉండేవారు.

6.2 వినియోగదారులా, గుంపులా?

2020 అక్టోబర్‌లో తనిష్క్ సంస్థ, హిందూ కోడలికి ముస్లిం కుటుంబం సీమంతం జరుపుతున్నట్లు చూపిన ప్రకటనను సామాజిక మాధ్యమాలలో చెలరేగిన దాడి తరువాత ఉపసంహరించుకుంది. ఇక్కడ సరుకు నాణ్యతపైగాని ధరపైగాని ఫిర్యాదు లేదు. నిరసించినవారిలో ఖాతాదారులు ఎందరో తేల్చే మార్గమూ లేదు. సంస్థను వంచగల శక్తి వినియోగదారుల చేతిలోనే ఉంటుందని, అది వారి ప్రయోజనానికే పనిచేస్తుందని భావించడం పొరపాటని ఈ ఘటన తెలుపుతుంది.

6.3 భారం ఎవరిపై పడుతోంది?

వినియోగదారులకు వచ్చిన అధికారం ప్రతిసారీ సంస్థపై పడడం లేదు. ఆహార సరఫరా, క్యాబ్ సేవలలో వినియోగదారులు ఇచ్చే చుక్కల రేటింగ్ సంస్థకన్నా ముందు డెలివరీ కార్మికుణ్ణో డ్రైవర్‌నో తాకుతుంది. రేటింగ్ తగ్గితే పని తగ్గవచ్చు, ఖాతా నిలిచిపోవచ్చు. హోటల్‌లో వంట ఆలస్యమైనా, వానకు రోడ్డు మునిగినా తక్కువ చుక్కలు పడేది తలుపు దగ్గర కనిపించే మనిషికే. వినియోగదారుల న్యాయవేదికలో కంపెనీకి దక్కే వాదన వినిపించుకునే అవకాశం, ఈ కార్మికుడికి యాప్‌లో దక్కడం కష్టం. తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో గిగ్ కార్మికుల సంక్షేమానికి ముసాయిదా బిల్లును వెలువరించడానికి ఇటువంటి పరిస్థితులే నేపథ్యం.

అదే మాధ్యమం కార్మికుడి పక్షాన నిలిచిన సందర్భమూ ఉంది. 2024 మార్చి 19న జొమాటో సంస్థ శాకాహార ఆర్డర్లు తెచ్చేవారికి ఆకుపచ్చ దుస్తులు ప్రకటించింది. ఎర్ర దుస్తులవారిని నివాస సముదాయాలలోకి రానివ్వకపోవచ్చునని సామాజిక మాధ్యమాలలో విమర్శ రాగా, మరుసటి రోజే దుస్తుల భేదాన్ని విరమించుకుంది. వినియోగదారులు తమకోసమే కాక ఎదుటివారి కోసం కూడా మాట్లాడగలరని ఈ ఘటన సూచిస్తుంది.

7. ముగింపు

పై పరిశీలన ద్వారా కింది విషయాలను నిర్ధారించవచ్చు.

1. కంపెనీ సరుకు వ్యవస్థలో ఒకరికొకరు కనిపించకుండాపోయిన కొనుగోలుదారులను సామాజిక మాధ్యమాలు మళ్ళీ ఒకరికొకరు కనిపించేలా చేశాయి. సంతలోని నలుగురి మాట విస్తృత రూపంలో తిరిగి వచ్చింది.

2. ఫిర్యాదును మూసిపెట్టే శక్తి సంస్థలకు తగ్గింది. ఏ సరుకు, ఏ ధరకు, ఏ షరతులతో అమ్మాలన్న నిర్ణయాధికారం మాత్రం వారి వద్దనే ఉంది.

3. స్వరం చట్టంగానో ఉత్తర్వుగానో మారినప్పుడు మార్పు నిలిచింది. 2009 విమానయాన ఘటనను 2017 ఘటనతోనూ, 2022 ఓఆర్‌ఎస్ సడలింపును 2025 ఉత్తర్వుతోనూ పోల్చితే ఇది స్పష్టమవుతుంది.

4. వినియోగదారులు మాట్లాడే వేదిక కూడా ఒక వ్యాపార సంస్థే. ఫ్రీ బేసిక్స్ ఉదంతంలో ఆ వేదిక తన వినియోగదారుల స్వరాన్ని తన వ్యాపారానికే వాడుకుంది.

5. లేబుల్ భాష, మాట్లాడే భాష వేరువేరుగా ఉన్నంతకాలం తెలుగు వినియోగదారులకు సమాచార హక్కు అసంపూర్ణంగానే ఉంటుంది. వీడియోలు ఈ లోటును కొంత తీర్చగలవు. తప్పనిసరి వివరాలు తెలుగులో ముద్రించే నియమానికి అవి ప్రత్యామ్నాయం కావు.

6. వినియోగదారుల అధికారం సంస్థను దాటి కార్మికుడిపై పడుతున్న చోట దాన్ని అధికార మార్పిడి అనడం కుదరదు. అక్కడ సంస్థ తన పర్యవేక్షణ భారాన్ని వినియోగదారులకు అప్పగించింది. దాని ఫలితాన్ని కార్మికుడు అనుభవిస్తున్నాడు.

ఒక తల్లి మందుల దుకాణంలో చేయి చాచి తీసుకునే డబ్బాలో ఉన్నది ఏమిటో ఆమెకు తెలిసేలా చేయడమే వినియోగదారుల ఉద్యమాల అసలు ప్రయోజనం. ఆ పనికి సామాజిక మాధ్యమం బలమైన సాధనం. 8 ఏళ్ళ ఓఆర్‌ఎస్ పోరాటంలో వీడియోతోపాటు లేఖ, వ్యాజ్యం, ఉత్తర్వు కూడా అవసరమయ్యాయన్నది తరువాతి అధ్యయనాలు ఆధారంగా తీసుకోదగిన అంశం.